తోడికోడలి రిటైర్మెంట్ లెక్క

చిన్నకోడలు ఉద్యోగం మానేయాలనుకుంటోందన్న సంగతి పెద్దకోడలికి ఒక ఆదివారం పొద్దున, టీ కప్పు చేతికి అందిస్తుండగా తెలిసింది.

"అక్కా, ఈ కాగితాలు ఒకసారి చూసి పెడతారా?" అంటూ చిన్నకోడలు సంచిలోంచి అట్ట ఫైలు తీసి బల్ల మీద పెట్టింది. "ముందే రిటైరవుదామనుకుంటున్నా. ఇప్పుడు మానేస్తే ఎంతొస్తుందో ఆఫీసులో రాసిచ్చారు. బ్యాంకు కాగితాలూ ఉన్నాయి. అదంతా కలిపితే మాకు చివరిదాకా సరిపోతుందో లేదో మీరే చెప్పాలి."

వాళ్ళిద్దరూ అన్నదమ్ముల భార్యలు. పెళ్ళయిన కొత్తలో ఒకే ఇంట్లో నాలుగేళ్ళు కలిసి కాపురం చేసి, ఒకే పొయ్యి దగ్గర సర్దుకుని, పెద్దగా మాటపట్టింపులేమీ లేకుండానే వేరుపడ్డవాళ్ళు. పెద్దకోడలికి యాభై నాలుగు. నీటి సరఫరా సంస్థలో పెన్షన్ సెక్షన్లో ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసు. పంపు ఆపరేటర్లు, మీటరు రీడర్లు, పైపులు బిగించేవాళ్ళు ఆమె సీటు దగ్గరికొచ్చి, "అమ్మా, ఇప్పుడు మానేస్తే బతకగలనా?" అని అడిగేవాళ్ళు. ఆమె కాగితం మీద పది నిమిషాలు పెన్సిలు నడిపి, బతకగలవనో, ఇంకో మూడేళ్ళు ఆగమనో చెప్పేది. ఆ మాట వెంట్రుకవాసి తప్పేది కాదు. వెనక అందరూ ఆమెను పెన్షనమ్మ అనేవాళ్ళు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ముందు కూడా అంటే బాగుండుననుకునేది.

చిన్నకోడలిది ప్రభుత్వ ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దే ఉద్యోగం. యాభై ఒకటో ఏడు నడుస్తోంది. టెండరు నోటీసులు, పేర్లు మార్చుకున్నవాళ్ళ ప్రకటనలు, రోడ్డు వెడల్పులో పోయే స్థలాల జాబితాలు ఇరవై ఏడేళ్ళుగా అక్షరం అక్షరం చదువుతోంది.

"ఒంట్లో బాగోలేదా?" అని అడిగింది పెద్దకోడలు.

"బాగానే ఉంది. కళ్ళు కాస్త మంటలంతే."

"మరి మానేసి ఏం చేస్తావు? ట్యూషన్లు చెప్తావా? ఇంట్లో ఏదైనా పని పెట్టుకుంటావా?"

"ఏమీ చెయ్యను అక్కా. ఇరవై ఏడేళ్ళు ఎవరెవరో రాసింది చదివాను. కొన్నాళ్ళు ఏదీ చదవకుండా ఉండాలని ఉంది. కిటికీ దగ్గర కుర్చీ వేసుక్కూర్చుంటా. ఎవరైనా వస్తే మాట్లాడతా, రాకపోతే లేదు."

ఆ మాట ఆమె సిగ్గుపడకుండా, గొప్పకు పోకుండా, బజారునుంచి ఉల్లిపాయలు తేవాలన్నంత మామూలుగా చెప్పింది. పెద్దకోడలు తాగుతున్న టీ బల్ల మీద పెట్టేసింది.

"వారం టైమివ్వు. చూస్తాను" అంది.

* * *

మధ్యాహ్నం భోజనాల వేళ సెక్షన్ ఖాళీ అయ్యాక పెద్దకోడలు ఆ ఫైలు విప్పింది. మనసులో ఒక చిన్న నమ్మకం ఉంది. సరిపోదు. ప్రూఫులు దిద్దేవాళ్ళ జీతమెంత గనక. మరిదిది చూస్తే కళ్ళజోళ్ళ దుకాణంలో గుమాస్తా పని. అయ్యో పాపం, ఇంకో ఆరేళ్ళు ఓపిక పట్టమని నెమ్మదిగా చెప్పాలి. ఎలా చెప్పాలో కూడా ఆలోచించి పెట్టుకుంది.

మొదటి కాగితం మీద నెల ఖర్చులు రాసుకుంది. ముప్పై ఆరు వేలు. రెండో కాగితం మీద వైద్యానికి వేరే లెక్క. మూడో దాని మీద వచ్చే పెన్షన్, చేతికొచ్చే మొత్తం, దాచుకున్నది. పెన్షన్ ఇరవై ఏడు వేలు. మిగతా అంతా కూడితే యాభై అయిదు లక్షలు తేలింది. ఆమె మళ్ళీ కూడింది. యాభై అయిదే.

నాలుగో కాగితం మీద ఏడాదికో గీత చొప్పున దించుకుంటూ వెళ్ళింది. ధరలు ఏటా ఆరు శాతం పెరుగుతాయనుకుంది. తన సెక్షన్లో అందరికీ వేసే అంకె అదే. పెన్షన్ అందులో ముప్పావు వంతు పెరుగుతుంది. దాచిన దానిమీద వడ్డీ ఏడు శాతం. అరవై ఏళ్ళు దాటాయి, డబ్బుంది. డెబ్బై దాటాయి, ఉంది. ఎనభై దాటాయి, ఇంకా ఉంది. ఎనభై ఎనిమిదో ఏట గాని ఖజానా అడుగంటలేదు. మరిది సంపాదన ఇందులో కలపనేలేదు.

పెద్దకోడలు పెన్సిలు కింద పెట్టింది. ఒళ్ళంతా సన్నగా మంట మొదలైంది.

ఇదెలా సాధ్యమో ఆమెకు తెలుసు. చిన్నకోడలు పిసినారి కాదు, ఇంటికెళ్తే కడుపు నిండా పెట్టే మనిషే. ఆమెకు ఏదీ కావాలనిపించదు, అంతే. పాత సోఫా మీద గుడ్డ మార్చుకుని ఇరవై ఏళ్ళు కూర్చుంది. పదేళ్ళ కిందట పెద్దకోడలు పై అంతస్తు వేయించినప్పుడు చిన్నకోడలు వచ్చి, మెట్లెక్కి, బాగుందక్కా అని మనస్ఫూర్తిగా మెచ్చుకుని, దిగి వెళ్ళిపోయింది. ఆ మెప్పుకు పొంగిపోయింది తను. ఆ పై అంతస్తు అప్పులో పీఎఫ్ సగం పోయింది. మిగతాదాంట్లో చాలామటుకు తన భర్త పెట్టిన డ్రైవింగ్ స్కూల్లో పోయింది. రెండు కార్లు, ఒక బోర్డు, ఆరేళ్ళు. తరవాత కార్లు పోయాయి, బోర్డు మాత్రం అమ్ముడుపోలేదు.

యాభై అయిదు రాగానే మానేయాలని ఆమె ముప్పై ఏళ్ళప్పుడే అనుకుంది. ప్రతి ఏడూ మార్చి నెలాఖర్లో తన లెక్క తను వేసుకునేది, ఎవరికీ చూపించకుండా చింపేసేది. ఊరందరికీ బతకగలవని చెప్పిన పెన్సిలు తనకు మాత్రం ఒక్కసారీ చెప్పలేదు.

మరునాడు మధ్యాహ్నం ఆమె నాలుగో కాగితం కొత్తగా రాసింది. ధరలు ఏటా తొమ్మిది శాతం పెరుగుతాయని వేసింది. ఏమో, పెరగకూడదా ఏం, అనుకుంది. జాగ్రత్త కోసమే అనుకుంది. తొమ్మిది పెట్టి దించుకుంటూ వస్తే డెబ్బై రెండో ఏట డబ్బు నిల్. పెన్షన్ పెరుగుదల మాత్రం పాత అంకె మీదే ఉంచింది. చేతిరాత ఎప్పటికన్నా ముచ్చటగా వచ్చింది. పాత కాగితం నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేసింది.

* * *

ఆదివారం చిన్నకోడలు కాగితాలు చేతిలోకి తీసుకుని నిదానంగా చదివింది. ఆమె ఏదైనా అలాగే చదువుతుంది, పెదాలు కదలకుండా, వేలు మాత్రం వరస కింద జరుపుకుంటూ. పెద్దకోడలి భర్త పక్క గదిలో టీవీ చూస్తున్నాడు.

"డెబ్బై రెండుకే అయిపోతుందన్నమాట" అంది చిన్నకోడలు.

"నాకూ బాధగానే ఉంది. నీకు మంచి మాట చెప్పాలనే చూశాను. ఇంకో ఆరేడేళ్ళు చేసేయ్. ఎంతలో గడిచిపోతాయి."

చిన్నకోడలు రెండో కాగితం తీసి చూసింది. నాలుగోది చూసింది. మళ్ళీ రెండోది చూసింది. తలెత్తి తోడికోడలి ముఖం వైపు చూసింది. ఏదో అడగబోయినట్టు నోరు తెరిచి, మూసుకుంది.

"సరే అక్కా. మీకు చాలా శ్రమ ఇచ్చాను" అని కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది.

ఆ తరవాత అయిదు నెలలు పెద్దకోడలికి తోడికోడలి మీద ఉన్నంత ప్రేమ అంతకుముందెన్నడూ లేదు. ఆదివారం ఆదివారం ఫోన్ చేసేది. కళ్ళలో వేసుకునే చుక్కల మందు కొనిచ్చింది. "ఆఫీసు ఎలా ఉంది?" అని అడిగేది. "ఉందక్కా, ఎప్పట్లాగే" అని జవాబొచ్చేది. ఆ మాట విన్నాక ఆమెకు కడుపులో చల్లగా ఉండేది. పొద్దున్నే బస్సు కోసం పరుగు తీస్తున్నప్పుడు, ఇదే నగరంలో ఇంకోచోట ఇంకో మనిషి కూడా ఇదే పరుగు తీస్తోందనుకుంటే అడుగులు తేలికపడేవి. తప్పు చేశానన్న ఊహ అప్పుడప్పుడూ తొంగిచూసేది. దానికామె దగ్గర జవాబు సిద్ధంగానే ఉండేది. ఆరేళ్ళ తరవాత చిన్నదాని చేతిలో ఇంకా ఎక్కువ డబ్బుంటుంది, అప్పుడు నాకే దణ్ణం పెడుతుంది.

* * *

ఆరో నెలలో సంస్థకు కావలసిన కొత్త పెన్షన్ దరఖాస్తు ఫారాలు అచ్చుకు వెళ్ళాయి. అచ్చయ్యే ముందు ఒక నమూనా చూసి సంతకం పెట్టాలి. ముద్రణాలయం నుంచి సూపర్‌వైజరు స్వయంగా పట్టుకొచ్చాడు. పెద్దకోడలు కళ్ళజోడు సర్దుకుని చూసింది. 'కుటుంబ పెన్షన్' అన్నచోట 'కుటుంబ టెన్షన్' అని పడింది. పుట్టిన తేదీకి గడి లేదు. భార్య పేరు రాయాల్సిన చోటు రెండుసార్లు వచ్చింది.

"ఇదేంటండీ, ఒక భార్యతోనే గడవట్లేదు మావాళ్ళకి" అంది నవ్వుతూ. "మా తోడికోడలు చూడలేదా దీన్ని? ఆవిడ చేతిలోంచి ఇలాంటివి రావే."

సూపర్‌వైజరు ఆమెను వింతగా చూశాడు. "ఆవిడ రిటైరై రెండు నెలలైందిగా మేడమ్. మీకు తెలీదా? అందుకే మాకీ తిప్పలు. సాగనంపిన రోజు అందరం చెప్పాం, ఇంకొన్నాళ్ళుండమ్మా అని. వింటేగా."

పెద్దకోడలు ఫారం మీద మూడు తప్పులకూ సున్నాలు చుట్టింది. అతను వెళ్ళగానే లెక్కలు తేలిపోయాయి. మూడు నెలల నోటీసు, వెళ్ళి రెండు నెలలు. అంటే కాగితాలు తీసుకెళ్ళిన వారంలోనే అర్జీ పెట్టేసింది. ఈ రెండు నెలలూ తను బస్సు వెంట పరుగెత్తుతూ తోడు ఉందనుకున్న పొద్దుటిపూటలన్నీ ఆమె ఇంట్లో కూర్చునే ఉంది. ఫోనులో ఉందక్కా, ఎప్పట్లాగే, అంటూ.

ఒంటిపూట సెలవు పెట్టి ఆటో ఎక్కింది. దారి పొడుగునా అడగాల్సిన మాటలు కూడబలుక్కుంది. నా లెక్క అక్కర్లేనప్పుడు నన్నెందుకు అడిగావు. నన్ను వెర్రిదాన్ని చేశావెందుకు. తన వైపు తప్పు కూడా ఒకటుందని ఆ అరగంటలో ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. అంత మండిపోతోంది లోపల.

సందు మలుపులో దిగి నడుస్తుండగా కిటికీ కనిపించింది. చిన్నకోడలు కుర్చీలో కూర్చుని ఉంది. ఒడిలో ఏమీ లేదు. పుస్తకం లేదు, ఫోను లేదు, వొలుస్తున్న చిక్కుడుకాయలు కూడా లేవు. కాళ్ళు ఒక పీట మీద చాపుకుంది. ఎదురింటి గోడ వైపు చూస్తోంది, ఆ గోడ మీద చూడ్డానికేమీ లేదు. ముఖంలో అలసట లేదు, తొందర లేదు. మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. ఆ వేళప్పుడు పెద్దకోడలు ఏనాడూ రెండో రౌండు ఫైళ్ళ ముందు తప్ప ఇంకెక్కడా లేదు.

ఆమె రోడ్డు మీదే నిలబడిపోయింది. ఎదుటివాళ్ళ నగ చూసి కుళ్ళుకోవడం ఆమెకు తెలుసు, ఇల్లు చూసి కుళ్ళుకోవడం తెలుసు. ఊరికే కూర్చున్న మనిషిని చూసి గుండె ఇలా పిండినట్టవుతుందని తెలియదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

చిన్నకోడలు ఆమెను చూసి ఉలిక్కిపడి లేచింది. తలుపు తీసింది.

"తెలిసిందా?" అంది.

"తెలిసింది" అంది పెద్దకోడలు, చెప్పులు విప్పకుండానే. "నేను వద్దన్నాక కూడా మానేశావు. ఒక్క మాట చెప్పలేదు. నా లెక్కంటే నీకంత చులకనా?"

చిన్నకోడలు లోపలికెళ్ళి ఆ అట్ట ఫైలు తెచ్చింది. రెండో కాగితం, నాలుగో కాగితం తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టింది. వేలు పెట్టి చూపించింది.

"ఇక్కడ వైద్యం ఖర్చు దగ్గర ధరలు ఆరు శాతం అని వేశారు. ఇక్కడికొచ్చేసరికి తొమ్మిదయింది. ఆరును తిరగేస్తే తొమ్మిది. మా ఆఫీసులో పాతకాలంలో సీసం అక్షరాలు పేర్చేటప్పుడు రోజూ వచ్చే తప్పే. మొదట నేనూ పొరపాటే అనుకున్నా. మీకు చెబుదామని తలెత్తాను. మీ ముఖం చూశాక చెప్పలేకపోయాను."

పెద్దకోడలు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇంటికొచ్చి ఆరు పెట్టి నేనే వేసుకున్నా" అంది చిన్నకోడలు. "మీరు గీసిన గీతల మీదే. మూడు రోజులు పట్టింది. బ్యాంకులో అమ్మాయికి కూడా చూపించా. సరిపోతుందంది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు మళ్ళీ ఇంకేదో అంకె మారుస్తారు. మిమ్మల్ని అలా చూడాలనిపించలేదు." ఆమె గొంతు మార్చింది. "అదొక్కటే అంటే అబద్ధం. నాకు కోపమొచ్చింది అక్కా. చాలా వచ్చింది. ఆదివారం మీరు ఫోన్ చేసి ఆఫీసెలా ఉందని అంత ప్రేమగా అడుగుతుంటే, ఉందని చెప్పి లోపల నవ్వుకునేదాన్ని. మీరు మోసపోతున్నారని నాకు హాయిగా ఉండేది. ఆయనకి కూడా ఈ కాగితం సంగతి చెప్పలేదు. చెబితే అన్నదమ్ముల మధ్య చెడుతుందని. మానేసిన మాట మాత్రం అక్కకి నేనే చెబుతా, మీరు అనకండని ఆపాను."

పెద్దకోడలు ఆ రెండు కాగితాలనూ బోర్లా తిప్పి పెట్టింది. క్షమించమనే మాట నోటిదాకా వచ్చింది గానీ, దానికన్నా ముందు ఇంకో మాట బయటికొచ్చింది.

"కుళ్ళుకున్నాను" అంది. "కిటికీ దగ్గర కూర్చుంటానన్నావు చూడు, అక్కడ మొదలైంది. ఇందాక రోడ్డు మీంచి చూసినప్పుడు కూడా కుళ్ళుకున్నాను. ఇప్పుడు కూడా."

"తెలుస్తూనే ఉంది" అంది చిన్నకోడలు. "చెప్పులన్నా విప్పండి."

ఆమె చెప్పులు విప్పుకుంది. చిన్నకోడలు మంచినీళ్ళిచ్చి ఎదురుగా కూర్చుంది.

"మీదెంతుందక్కా?"

ఇరవై తొమ్మిదేళ్ళలో ఆమెనెవరూ అడగని ప్రశ్న అది. పెన్షనమ్మకు లెక్క చెప్పేవాళ్ళెవరు? అందరూ ఆమె ఎప్పుడో అన్నీ చూసుకునే ఉంటుందనుకున్నారు. పెద్దకోడలు నేలకేసి చూస్తూ చెప్పింది. పీఎఫ్‌లో మిగిలింది. పై అంతస్తు అప్పు ఇంకా ఎన్ని వాయిదాలుందో. డ్రైవింగ్ స్కూల్లో పోయింది. చెబుతూ చెబుతూ ఒకచోట లక్షన్నర తగ్గించి చెప్పింది, మళ్ళీ సిగ్గుపడి సరిదిద్దుకుంది.

చిన్నకోడలు ఆరు శాతమే వేసింది. గంటన్నర పట్టింది. సాయంత్రం ఎండ గదిలోకి వచ్చి, బల్ల మీదుగా జరిగి, గోడ ఎక్కింది.

"మూడేళ్ళ పది నెలలు" అంది చివరికి. "అప్పుడు మానేయొచ్చు. బావగారు ఏదైనా ఉద్యోగం చూసుకుంటే ఇంకా ముందే."

"నాలుగేళ్ళనుకుందాంలే."

"నాలుగు కాదు. మూడేళ్ళ పది నెలలు" అంది చిన్నకోడలు. అచ్చుతప్పు దిద్దినట్టే అంది.

* * *

ఆ సాయంత్రమే పెద్దకోడలు భర్తకు జరిగిందంతా చెప్పింది. ఆరును తొమ్మిది చేసిన సంగతీ దాచలేదు. ఆయన ప్రతిదానికీ ఏదో ఒక హాస్యమాడే మనిషి. ఆ రోజు టీవీ కట్టేసి, రిమోటు చేతిలో అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు.

"నా మీద కోపం చిన్నదాని మీద తీర్చుకున్నావు" అన్నాడు.

"ఏమో. అయ్యుండొచ్చు."

"కార్లు అమ్మిన రోజు నువ్వొక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది. పడేవాణ్ణి."

"అంటే డబ్బు తిరిగొస్తుందా?"

"రాదు. అనేస్తే నీకు తగ్గేదేమో."

ఆమె అప్పుడంది. తొమ్మిదేళ్ళుగా అనాల్సినవన్నీ అంది. ఆయన నిజంగానే పడ్డాడు, మధ్యలో లేవలేదు. నెల తిరక్కుండా బస్సు డిపోలో కొత్త డ్రైవర్లకు బండి నేర్పే పనికి కుదిరాడు. జీతం తక్కువే. మొదటి నెలది తెచ్చి ఆమె చేతిలో పెట్టి, "ఎన్నాళ్ళు తగ్గింది?" అని అడిగాడు.

"ఒక్క నెల జీతానికి ఏం తగ్గుతుంది? ఓ వారం."

"వారమే?"

"వారమంటే తక్కువా?" అంది.

తోడికోడళ్ళిద్దరూ మళ్ళీ మునుపట్లాగే కలుసుకుంటున్నారు. పూర్తిగా మునుపట్లాగే అంటే అబద్ధం. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎవరో ఒకరు ఆగిపోతారు, ఆ ఆగడం ఎందుకో ఇద్దరికీ తెలుసు. అయితే ఫోనులో ఎలా ఉన్నావంటే ఇప్పుడు నిజమే చెప్పుకుంటున్నారు.

పెద్దకోడలి కుళ్ళు పోలేదు. ఈమధ్య ఆమె ఎక్కే బస్సుకు దారి మార్చారు, ఇప్పుడది రోజూ చిన్నకోడలి సందు మొగ ముందు నుంచే వెళ్తుంది. బస్సు కుడివైపు కూర్చుంటే సందు, ఆ కిటికీ కనిపిస్తాయి. మనసు బాగోలేని రోజు ఆమె ఎడమవైపు సీటు చూసుకుని కూర్చుంటుంది. బాగున్న రోజు కుడివైపు కూర్చుని, సందు రాగానే మెడ తిప్పి చూస్తుంది. కొన్నిసార్లు కుర్చీ ఖాళీగా ఉంటుంది. కొన్నిసార్లు ఆమె ఉంటుంది, బస్సు వైపు చూడదు. చూడనందుకు పెద్దకోడలికి ఒళ్ళు మండుతుంది, ఆ తరవాత రెండు స్టాపుల దాకా తనలో తనే నవ్వుకుంటుంది, ఆఫీసొచ్చాక దిగుతుంది.